రస్తిస్లావ్ అడిగిన గురువులు

తూర్పు ఐరోపాలోని స్లావ్ జాతుల రాజులు క్రైస్తవం తీసుకున్న కథను చాలామంది 988లో కీవ్ పాలకుడు వ్లదీమిర్‌తో మొదలుపెడతారు. నా దృష్టిలో అసలు మలుపు అంతకు 125 ఏళ్ల ముందే, మొరావియాలో వచ్చింది. నేటి చెక్ దేశపు తూర్పు భాగం, స్లొవేకియా పడమటి భాగం కలిసిన నేల అది.

అక్కడ రస్తిస్లావ్‌ను 846లో గద్దెనెక్కించింది నేటి జర్మనీ ప్రాంతాన్ని ఏలిన తూర్పు ఫ్రాంకుల రాజు లూయీ. చెప్పుచేతల్లో ఉంటాడనుకున్నాడు. రస్తిస్లావ్ ఉండలేదు. 855లో లూయీ దండెత్తి వస్తే కోటల బలంతో నిలిచాడు. కానీ చర్చి మాత్రం అతని చేతిలో లేదు. మొరావియన్లకు అప్పటికే బాప్తిస్మం ఇచ్చింది ప్రధానంగా బవేరియా పూజారులే. వాళ్ల ప్రార్థన లాటిన్‌లో, వాళ్ల విధేయత లూయీ మనుషులైన బిషప్‌లకు. దేశం లోపలే పరాయి పెత్తనం కూర్చుని ఉన్నట్టు లెక్క.

అందుకే 862లో రస్తిస్లావ్ బైజాంటైన్ సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు కబురు పంపాడు: మా భాషలో మతం బోధించే గురువును పంపండి. దీన్ని ఒట్టి రాజకీయ ఎత్తుగడ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. తమకు అర్థమయ్యే మాటల్లో దేవుణ్ణి తలచుకోవాలని జనం కోరుకోవడంలో ఎత్తుగడ ఏముంది?

అక్కడి చక్రవర్తి మూడో మైఖేల్ గ్రీకు నగరం థెస్సలొనీకికి చెందిన అన్నదమ్ములు కాన్‌స్టంటైన్, మెథోడియస్‌లను పంపాడు. ఆ ఊరి చుట్టూ స్లావ్‌లు ఉండేవారు కాబట్టి వాళ్లకు ఆ భాష వచ్చు. కాన్‌స్టంటైన్ స్లావ్ ధ్వనులకు సరిపోయేలా గ్లాగోలిటిక్ అనే కొత్త లిపి తయారుచేశాడు. హీబ్రూ, గ్రీకు, లాటిన్‌లలో తప్ప దేవుణ్ణి స్తుతించకూడదని వాదించిన మతాధికారులతో వెనిస్‌లో తలపడ్డాడు. చివరికి పోప్ రెండో ఏడ్రియన్ ఆమోదం సాధించి, సిరిల్ అనే సన్యాస నామం తీసుకుని, 869లో రోమ్‌లోనే కన్నుమూశాడు.

ఆ మరుసటి ఏడే రస్తిస్లావ్‌ను సొంత బంధువు స్వాతోప్లుక్ పట్టి ఫ్రాంకులకు అప్పగించాడు. వాళ్లు కళ్లు పీకేశారు. స్వాతోప్లుక్ రాజ్యాన్ని ఎంతో పెంచాడు, నిజమే. కానీ 880లో పోప్ ఎనిమిదో జాన్ రాసిన లేఖ చూడండి. స్లావ్ భాషలో ఆరాధనకు అనుమతి ఇస్తూనే, రాజుకు లాటిన్ ఇష్టమైతే ఆయనకు లాటిన్‌లోనే జరపమంటాడు. సొంత చర్చిని కాపాడాల్సినవాడి మనసే అటువైపు ఉంది. 885లో మెథోడియస్ పోగానే శిష్యులను తరిమేశారు. కొందరిని బానిసలుగా అమ్మేశారు. 894లో స్వాతోప్లుక్ చనిపోయాక కొడుకులు కొట్టుకున్నారు. తర్వాత పదేళ్లు దాటేసరికి మాగ్యార్ల (హంగేరియన్ల) దాడుల్లో రాజ్యం కూలింది.

తరిమేసిన శిష్యుల్లో క్లెమెంట్, నౌమ్ బల్గేరియా చేరారు. గ్రీకు పూజారుల పెత్తనంతో అదే ఇబ్బంది పడుతున్న రాజు బోరిస్ వాళ్లను ఆదరించాడు. క్లెమెంట్‌ను పంపిన ఒహ్రిద్ ప్రాంతంలో వేల మంది శిష్యులు తయారయ్యారు. బల్గేరియా నగరం ప్రెస్లావ్‌లో పుస్తకాలు పుట్టాయి, నేడు రష్యన్ రాసే సిరిలిక్ లిపి స్థిరపడింది. వ్లదీమిర్ బాప్తిస్మం తీసుకునే నాటికి, అతని ప్రజలకు అర్థమయ్యే భాషలో సువార్త, ప్రార్థన పుస్తకాలు సిద్ధంగా ఉన్నాయి.