రాతిపువ్వు కాపురంలో యజమాని ఎవరు?

బిర్యానీ మసాలాలోకి వేసే రాతిపువ్వును వేయించకముందు ఓసారి తిరగేసి చూడండి. ఒకవైపు బూడిదరంగు, ఇంకోవైపు నలుపు, కాలిన కాగితంలా ముడుచుకున్న అంచులు. పేరులో పువ్వు ఉంది కానీ అది పువ్వు కాదు, అసలు మొక్కే కాదు. శిలీంధ్రమూ నాచూ కలిసి కాపురం పెడితే వచ్చిన లైకెన్. నాచు ఎండతో తిండి వండుతుంది, శిలీంధ్రం ఇల్లు కట్టి తేమ కాపాడుతుంది. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ 1860ల చివర్లో ఈ మాట చెబితే తోటి శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకోలేదు. ఆయన వాడిన పోలిక కూడా ఘాటైనదే: శిలీంధ్రం యజమాని, నాచు దాని బానిస.

కళాకారులూ శాస్త్రవేత్తలూ జట్టుకట్టి పుట్టగొడుగులతో కుర్చీలు, నాచుతో గోడలు పెంచుతున్నారన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఆ పోలికే గుర్తొస్తుంది. ఈ కాపురంలో యజమాని ఎవరు?

చాలాసార్లు జవాబు తేలికే. పరిశోధన అంతా అయిపోయాక, దాన్ని జనానికి అందంగా చూపించడానికి కళాకారుణ్ని పిలుస్తారు, పెళ్లిపందిరికి పూలు కట్టేవాణ్ని పిలిచినట్టు. ముహూర్తం ఎప్పుడు పెడదామని అతన్ని ఎవరూ అడగరు. దీన్ని కలిసి చేసిన పని అంటే నాకు మింగుడుపడదు.

శాన్‌ఫ్రాన్సిస్కో కళాకారుడు ఫిలిప్ రాస్ కథ వేరు. ఆయన 1990ల నుంచే రెయిషీ అనే పుట్టగొడుగుతో పనిచేస్తున్నారు. మనకు కనిపించే గొడుగు పైపై సంగతే, దాని అసలు ఒళ్లు మైసీలియం అనే తెల్లదారాల అల్లిక. మన దగ్గర వరిగడ్డి బెడ్లలో పుట్టగొడుగులు పెంచేవాళ్లకు ఇది కొత్త కాదు. గడ్డిని ఉడకబెట్టి, ఆరబెట్టి, పొరపొరకీ స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) చల్లి కవరు మూతి కడితే, రెండుమూడు వారాల్లో లోపలంతా తెల్లగా ముద్దకడుతుంది. కవరు విప్పినా గడ్డి రాలదు. ఎక్కడైనా ఆకుపచ్చ బూజు మచ్చ కనబడిందా, టెన్షన్ మొదలు. ఆ బెడ్డు షెడ్డు బయటికి పోవాల్సిందే.

కాపు అయిపోయాక రైతు ఆ ముద్దను పెంటకుప్పలో వేస్తాడు. రాస్‌కు అలాంటి ముద్దలోనే ఇటుక కనిపించింది. 2009లో జర్మనీలోని డుసెల్‌డార్ఫ్‌లో రెయిషీ ఇటుకలతో టీ గదిలా ఓ కమాను కట్టి, అవే ఇటుకల్ని మరిగించి వచ్చినవాళ్లకు టీ ఇచ్చారు. ఆ ఇటుకల్ని కోయబోతే రంపాలూ ఆకురాళ్లూ పాడైపోయాయి. అంత గట్టిదని తెలిసింది టీ గది కట్టాలన్న పిచ్చి పుట్టబట్టే. 2013లో ఆయన సోఫియా వాంగ్ అనే మరో కళాకారిణితో కలిసి మైకోవర్క్స్ కంపెనీ పెట్టారు. 2021లో ఫ్రాన్స్ ఫ్యాషన్ సంస్థ హెర్మెస్, ఆ కంపెనీ మైసీలియంతో తయారుచేసిన తోలులాంటి పదార్థంతో చేసిన బ్యాగును ప్రకటించింది. టీతో మొదలైంది ఖరీదైన హ్యాండ్‌బ్యాగు దగ్గర తేలింది. అక్కడ యజమాని ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

నా ఓటు మాత్రం న్యూయార్క్‌లో 2014 వేసవిలో లేచిన హై-ఫై టవర్‌కే. ఆర్కిటెక్ట్ డేవిడ్ బెంజమిన్ బృందం మోమా పీఎస్1 అనే కళా మ్యూజియం ఆవరణలో మొక్కజొన్న చొప్పా మైసీలియం కలిపి పెంచిన సుమారు 10,000 ఇటుకలతో దాన్ని కట్టింది. సీజన్ అయ్యాక విప్పి ఎరువు చేసేశారు. కట్టకముందే కుళ్లబెట్టడం గురించి ఆలోచించిన కట్టడాలు ఎన్ని ఉంటాయి?

అయితే ఇలాంటి వస్తువులన్నిటికీ 'సజీవం' అని పేరు పెట్టేయడం కొంచెం మోసమే. మైసీలియం సరుకును మామూలుగా వేడిచేసి దాని ఎదుగుదల ఆపేస్తారు. ఆపకపోతే ఏమవుతుంది? నెదర్లాండ్స్ డిజైనర్ ఎరిక్ క్లారెన్‌బీక్ 2013లో వాగనింగెన్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలతో కలిసి 3డీ ప్రింటర్ సాయంతో చేసిన కుర్చీని చూడండి, ఒంటి మీద పుట్టగొడుగులు మొలిచాయి.

నాచుతో ఇంకో తంటా. మన చెరువుల్లో అడక్కుండానే పెరిగే నాచుకు గాజు పలకల మధ్య రాజభోగం కావాలి. హాంబర్గ్‌లో 2013లో కట్టిన బీఐక్యూ భవనం గోడకు అలాంటి పలకలు 129 ఉన్నాయి. వాటిలోకి కార్బన్ డయాక్సైడ్, పోషకాలు పంపాలి. నాచు గాజుకు అంటుకోకుండా గాలి బుడగలు ఊదాలి. ఒక్కసారి కట్టి వదిలేసే గోడ కాదది, పాడిపశువు లాంటిది.

ష్వెండెనర్ లెక్కలో ఉన్నది ఇద్దరే. 2016లో లైకెన్ల పరిశోధకుడు టోబీ స్ప్రిబిల్ బృందం చాలా లైకెన్ల పైపొరలో మూడో జీవిని, ఒక రకం ఈస్టును, కనిపెట్టింది. దాదాపు 150 ఏళ్లపాటు అది శాస్త్రవేత్తల కళ్లముందే ఉండిపోయింది. ఈ ప్రదర్శనల్లోనూ మూడోవాళ్లు ఉంటారు: సెలవురోజున కూడా వచ్చి నాచు నీళ్లు మార్చేవాళ్లు, బూజు పట్టిన ముక్కను గుట్టుగా బయట పడేసేవాళ్లు. గోడ మీది బోర్డులో కళాకారుడి పేరు, ల్యాబు పేరు ఉంటాయి. వీళ్ల పేర్లు నాకింకా కనబడలేదు.