చలికాలానికి చిన్న రిమ్మే మేలు

టొరంటో, డెట్రాయిట్, షికాగో వైపు స్థిరపడిన మనవాళ్లు కారు కొనేముందు మైలేజీ గురించి, రీసేల్ గురించి, సన్‌రూఫ్ గురించి వారాల తరబడి ఆరా తీస్తారు. టైరు సైజు అడిగేవాళ్లు తక్కువ. టాప్ మోడల్ తీసుకుంటే 19, 20 అంగుళాల అలాయ్ రిమ్ములు దానితోపాటే వచ్చేస్తాయి. షోరూములో చూడ్డానికి బాగుంటాయి, కాదనను. కానీ డిసెంబరులో మంచు, ఉప్పు, నీళ్లు కలిసి రోడ్డంతా చిత్తడి అయ్యాక ఆ పెద్ద రిమ్ము వల్ల ఒరిగేదేమీ లేదు, పైగా నష్టం. ఆ కారుకు కంపెనీ అనుమతించిన సైజుల్లో అన్నిటికన్నా చిన్న రిమ్ము, దాని మీద అసలైన వింటర్ టైరు వేసుకోవాలన్నది నా వాదన.

మన ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే టొయోటా క్యామ్రీనే తీసుకుందాం. 2018లో వచ్చిన తరంలో కింది మోడల్‌కు 205/65 ఆర్ 16 టైరు, స్పోర్ట్ పై మోడల్‌కు 235/40 ఆర్ 19 టైరు ఇచ్చారు. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు, అంటే రిమ్ము అంచు నుంచి రోడ్డు దాకా ఉండే టైరు పక్క గోడ ఎత్తు, ఎంత శాతమో చెబుతుంది. చివరిది అంగుళాల్లో రిమ్ము వ్యాసం. లెక్క వేస్తే 16 అంగుళాల టైరు మొత్తం ఎత్తు సుమారు 673 మిల్లీమీటర్లు, 19 అంగుళాలది 671. రెండూ దాదాపు సమానమే కాబట్టి స్పీడోమీటరు తప్పు చూపించదు. తేడా అంతా సైడ్‌వాల్‌లోనే ఉంది. చిన్న రిమ్ముకు 133 మిల్లీమీటర్లు, పెద్దదానికి 94. అంటే గుంతకూ రిమ్ముకూ మధ్య నాలుగు సెంటీమీటర్ల రక్షణ తగ్గిపోయినట్టే.

ఆ నాలుగు సెంటీమీటర్ల విలువ ఫిబ్రవరిలో తెలుస్తుంది. తారు పగుళ్లలోకి దిగిన నీరు రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది. కొన్ని వారాలు ఇలా సాగితే రోడ్డు గుంతలు పడుతుంది. మిషిగన్‌లో ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పల్చటి సైడ్‌వాల్ ఉన్న టైరు గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. రిమ్ము వంగడం, సైడ్‌వాల్ బుడగలా ఉబ్బడం అక్కడే మొదలవుతాయి.

వెడల్పు సంగతీ అంతే. చిత్తడి మీద వెడల్పాటి టైరు తేలడానికి చూస్తుంది, సన్నటిది దాన్ని చీల్చుకుని కిందికి దిగుతుంది. పొడి రోడ్డు మీద, మలుపుల్లో వెడల్పు టైరుదే పైచేయి అన్నది నిజమే. ఆ పట్టు కావాలనుకునేవాళ్లు దాన్ని వేసవి టైర్లకు అట్టిపెట్టుకోవచ్చు. అయితే ఎంతైనా తగ్గించుకుంటూ పోవడానికి వీల్లేదు. పెద్ద ఇంజిన్ మోడళ్లకు బ్రేకులూ పెద్దవే, వాటి మీద 16 అంగుళాల రిమ్ము కూర్చోకపోవచ్చు. ఎలక్ట్రిక్ కార్లయితే బరువు ఎక్కువ. డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కరు, యజమాని పుస్తకం చూసి, టైరు మోయగల బరువు అసలుదానికన్నా తగ్గకుండా ఎంచుకోవాలి.

రిమ్ము కన్నా ముఖ్యం రబ్బరు. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే మామూలు టైర్ల రబ్బరు బిగుసుకుని పట్టు తగ్గుతుంది. వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. ఆల్ సీజన్ అన్న పేరు చూసి నిశ్చింతగా ఉండేవాళ్లే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తారు. ఆ టైర్ల మీద ఉండే ఎం ప్లస్ ఎస్ (మడ్ ప్లస్ స్నో, అంటే బురద, మంచు) ముద్రకు మంచు మీద ఏ పరీక్షా అక్కర్లేదు, ట్రెడ్ (రోడ్డుకు ఆనే గాళ్ల భాగం) ఆకృతి సరిపోతే చాలు. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు కోసం చూడండి. దానికి పరీక్ష పెడతారు. అది కూడా అణిగిన మంచు మీద ముందుకు కదిలేటప్పటి పట్టునే కొలుస్తుంది తప్ప, గట్టి ఐసు మీద ఎంత దూరంలో ఆగుతుందో చెప్పదు.

ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా అనే మాటకూ ఇదే జవాబు. నాలుగు చక్రాలకూ శక్తి అందితే కారు కదలడం సులువవుతుంది. బ్రేకులు నాలుగు చక్రాలకూ ప్రతి కారులోనూ ఉంటాయి. ఆగడానికి కావలసింది రోడ్డుకూ రబ్బరుకూ మధ్య పట్టు.

కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి. ఒంటారియోలో నిర్బంధం లేదు కానీ, 2016 నుంచి వింటర్ టైర్లు వేసుకున్నవారికి బీమా కంపెనీలు తగ్గింపు ఇవ్వాలి. ఇల్లినాయ్, మిషిగన్‌లలో మాత్రం ఈ నిర్ణయం కారు యజమానికే వదిలేశారు. క్యూబెక్ పద్ధతే సరైనదని నేను నమ్ముతాను. జారిపోయే కారు దాని యజమానిని మాత్రమే గుద్దదు.

ఖర్చు సంగతి. వేసవికో సెట్టు, చలికాలానికో సెట్టు ఉంటే ఒకటి నడుస్తున్నప్పుడు రెండోది అరగదు. కాబట్టి అదనంగా పడే భారం ప్రధానంగా రిమ్ములు, గాలి సెన్సర్లదే. చిన్న సైజు టైర్లు సాధారణంగా చవక. స్టీల్ రిమ్ములు తీసుకుంటే ఇంకా కలిసొస్తుంది, ఉప్పు తగిలి అలాయ్ పాడవుతుందన్న బెంగా ఉండదు. విడి రిమ్ములుంటే ఏటా రెండుసార్లు టైరు ఊడదీసి ఎక్కించే కూలీ తప్పుతుంది.

గాలి సెన్సరు దీపాన్ని మరీ నమ్ముకోవద్దు. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 5.6 డిగ్రీల సెల్సియస్ పడితే టైరులో గాలి దాదాపు 1 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ గ్యారేజీలో 35 పీఎస్‌ఐ పట్టించుకుని మైనస్ 15లో బయటికొస్తే దాదాపు 6 పీఎస్‌ఐ పోయినట్టే, మిగిలేది 29. అమెరికా నిబంధన ప్రకారం గాలి పాతిక శాతం తగ్గాకే, అంటే 26 దగ్గరికి వచ్చాకే దీపం వెలగడం తప్పనిసరి. అందుకే బయటి చలిలో, టైర్లు చల్లబడి ఉన్నప్పుడే గాలి కొలిపించాలి.

ఆగస్టులో దిగి, నలుగురు కలిసి పాత కారు కొనుక్కునే విద్యార్థులకు ఒక మాట. డబ్బులు చాలక ముందు రెండింటికే వింటర్ టైర్లు వేయించకండి, వెనక చక్రాలు జారి కారు గిర్రున తిరిగే ప్రమాదం ఉంది. పాత స్టీల్ రిమ్ములతో సహా నాలుగూ అమ్మేవాళ్లు అక్టోబరులో దొరుకుతారు. కొనేముందు ట్రెడ్ లోతు కొలవండి. 4 మిల్లీమీటర్లకు దగ్గరపడితే మంచుకు పనికిరాదు. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలూ చూడండి. 3521 అని ఉంటే 2021లో 35వ వారం తయారీ అని అర్థం. నేనైతే ఆరేళ్లు దాటినవి ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోను.