నానో యూరియా కొడితే పిల్లలు పుట్టరా?

మిర్యాలగూడ, హాలియా వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. బస్తా యూరియాకు బదులు సీసాలో వచ్చే, నీళ్లలో కలిపి ఆకుల మీద కొట్టే నానో యూరియా గురించి అది. దాన్ని కొట్టే మగవాళ్లకు పిల్లలు పుట్టరట. నానో కణాలు వృషణాల్లోకి పోతాయని ఎలుకల మీద తేలిందట. కొట్టిన పది రోజులకే శుక్రకణాల కౌంట్ పడిపోతుందట. మా మామ అది నాకు పంపి, మందు కొట్టే పంపు మూలన పెట్టేశాడు.

ఎలుకల మాట అబద్ధమేం కాదు. వెండి, టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ నానో కణాలను ఎక్కువ మోతాదులో ఇస్తే ఎలుకల్లో శుక్రకణాల సంఖ్య, కదలిక తగ్గినట్టు చాలా ప్రయోగాల్లో కనిపించింది. కానీ అవన్నీ లోహాలవి. నానో అనేది సైజు మాత్రమే. నూక అన్నంత మాత్రాన అది బియ్యం నూకో, జొన్న నూకో ఎలా తెలుస్తుంది? యూరియా నీళ్లలో ఇట్టే కరుగుతుంది. మన కాలేయమే దాన్ని తయారుచేస్తుంది, రోజుకు 20-30 గ్రాములు మూత్రంలో పోతుంది. 4 శాతం నైట్రోజన్ ఉన్న అర లీటరు సీసాలో నైట్రోజన్ 20 గ్రాములు. అంతా యూరియాగా లెక్కేసినా 43 గ్రాములే. అంటే మనం రెండు రోజుల్లో బయటికి పంపేంత. అలాగని సీసా ఎత్తి తాగమని కాదు!

ఇక పది రోజుల కథ. ఒక శుక్రకణం తయారవడానికే సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కౌంట్ తగ్గితే, మొన్న కొట్టిన మందుకన్నా రెండు నెలల కిందట వచ్చిన జ్వరాన్ని ముందు అనుమానించాలి. ఒక్క టెస్టుతో ఏదీ తేలదు కూడా.

నానో అంటే అన్నీ మంచివేనని నేననను. యూరప్‌లో 2022లో తినే వాటిలో తెల్ల రంగు కోసం కలిపే టైటానియం డయాక్సైడ్‌ను నిషేధించారు, డీఎన్ఏకు హాని లేదని తేల్చలేక. నానో యూరియా బస్తా యూరియాకు సాటి వస్తుందంటే కూడా నేను నమ్మను. అది వేరే గొడవ.

నాకు టెన్షన్ మామ పంపు గురించే. అందులోనే పురుగుమందు కూడా కలిపి, చొక్కా తడిసేదాకా కొడతాడు. పొలం నేలలోని నులిపురుగులను చంపే డీబీసీపీ అనే మందు తయారుచేసే కాలిఫోర్నియా కార్మికుల్లో చాలామందికి శుక్రకణాలే లేకుండా పోయాయని 1977లో బయటపడింది. అందులో నానో ఏమీ లేదు, మామూలు మందే.

గ్లౌజులు, మాస్క్ కొనిచ్చాను. "ఈ ఎండకు చేతులు ఉడికిపోతయిరా" అంటున్నాడు.