చెరువట, దూకవచ్చట!

"కొమోడో పడవ యాత్ర: ఎవరూ చెప్పని నిజాలు" అనే సందేశం ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. కొమోడో అంటే ఇండోనేషియాలోని దీవి, డ్రాగన్ అని పిలిచే భారీ బల్లులుండే చోటు. ఈసారి పంపిన మిత్రుడు కింద "తప్పక చదవండి" అని కూడా చేర్చాడు. చదివాను. ఎవరూ చెప్పకపోవడానికి కారణం తెలిసింది.

మొదటి నిజమట: డ్రాగన్ నోట్లో కుళ్లు మాంసం ఉంటుంది, అది కరిస్తే చంపేది అందులోని బ్యాక్టీరియాయే. ఈ విషయంలో మాత్రం సందేశాన్ని మరీ తిట్టలేను. నేను కూడా ఏళ్ల తరబడి ఇదే కథ చెప్పుకుంటూ తిరిగాను. కానీ డ్రాగన్ కింది దవడలో విషగ్రంథులున్నాయని 2009లో తేలింది. ఆ విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, రక్తపోటును పడగొడుతుంది. నోట్లో ఉండే సూక్ష్మజీవులు ఇతర మాంసాహార జంతువుల నోట్లో ఉండేలాంటివేనని 2013లో మరో పరిశోధన చెప్పింది.

రెండోది: అవి మనుషులకు అలవాటుపడ్డాయి, పక్కన కూర్చుని ఫోటో దిగవచ్చు. మధ్యాహ్నం నీడలో దుంగలా పడి ఉండటం సాధుత్వం కాదు, ఎండ. 2007లో కొమోడో దీవిలోనే ఎనిమిదేళ్ల బాలుడు డ్రాగన్ దాడిలో చనిపోయాడు. 2017లో, అక్కడ దారి చూపి కాపలా కాసే రేంజరు తోడు లేకుండా ఫోటోల కోసం దగ్గరికి వెళ్లిన పర్యాటకుడిని కాలిమీద కరిచింది. మరి అందరి ఫోటోల్లో పక్కనే ఉన్నట్టు కనిపిస్తుందే అంటారా? మనిషి జంతువుకు చాలా వెనుక ఉంటాడు. రేంజరు ఫోను నేలకు ఆనించి తీస్తాడు. అంతే మాయ.

డ్రాగన్‌కు ఈత రాదట. వచ్చు. వంకరటింకరగా పరుగెత్తితే పట్టుకోలేదట. ముందు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిన్నగా పరుగెత్తి చూపించండి, వంకరల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. గులాబీ రంగు తీరంలోని ఇసుకను సీసాలో గుర్తుగా తెచ్చుకోమన్నారు. ఆ రంగు ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల ఎర్రటి గుల్లల పొడి వల్ల వస్తుంది. అది జాతీయ ఉద్యానం, ఇసుక అక్కడే ఉండనివ్వండి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని వాక్యం: "దీవుల మధ్య సముద్రం చెరువులా ఉంటుంది. లైఫ్ జాకెట్ ఉంటే ఈత రానివారు కూడా ఎక్కడైనా దూకవచ్చు."

చెరువట! పసిఫిక్ మహాసముద్రపు నీరు హిందూ మహాసముద్రంలోకి పోయే దారుల్లో ఈ ప్రాంతం ఒకటి. కొమోడో, పాదార్, రింకా దీవుల మధ్య ఉన్నవి ఇరుకు సందులు. ఆటుపోట్లు తోడైతే అక్కడ నీరు నదిలా పరుగెత్తుతుంది, కొన్ని గంటలకు దిశ కూడా మార్చుకుంటుంది. పైకి మాత్రం అద్దంలా కనిపించవచ్చు. మాంటా అనే భారీ చేపలు అక్కడికి వచ్చేది కూడా ఆ ప్రవాహం మోసుకొచ్చే ఆహారం కోసమే. చెరువైతే అవి వచ్చేవి కావు, మీరూ వెళ్లేవారు కారు.

ఆ చేపలను చూసే మాంటా పాయింట్ దగ్గర మిమ్మల్ని ఎగువన దించుతారు. మీరు నీటితోపాటు సాగిపోతుంటే పడవ వెంట వచ్చి దిగువన ఎక్కించుకుంటుంది. ఇది తెలియనివాడు దూకిన చోటికే తిరిగి రావాలని ఎదురీదుతాడు. కొద్ది నిమిషాల్లోనే అలసిపోతాడు. లైఫ్ జాకెట్ మునగనివ్వదు, నిజమే. కొట్టుకుపోకుండా ఆపుతుందని ఎవరు చెప్పారు? అసలు నడుము పట్టీ బిగించకపోతే అది చెవుల దాకా లేచి, మెడను మాత్రమే తేలుస్తుంది.

ఈత రాకపోతే ఆ సంగతి పడవ ఎక్కగానే చెప్పండి, సిగ్గుపడకండి. తీరం దగ్గర లోతులేని నీటిలో, గైడు లాగే ట్యూబు పట్టుకుని కూడా పగడాలు చూడవచ్చు. కొట్టుకుపోతున్నామనిపిస్తే ఎదురీదకుండా వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తండి. "ఇప్పుడు దిగవద్దు" అని పడవ నడిపేవాడు అంటే అతనితో వాదించకండి. ఆ నీటి వేళలు అతనికి తెలుసు, ఫోనులోని సందేశానికి తెలియవు.

సందేశంలో చివరి మాట: "రేంజరు చేతిలో ఉండేది కర్ర మాత్రమే." నమ్మకపోదామనుకున్నాను, కానీ అది నిజం. ఒట్టి పంగల కర్ర. మీదికొచ్చే డ్రాగన్ మెడకు దాన్ని అడ్డం పెట్టి పక్కకు నెడతారు. ఆ ఒక్క వాక్యం ఉంచి, మిగతాది చెరిపేసి పంపుకోండి.