పాత హోటల్లో దెయ్యాల కొంప: బయటికొచ్చే దారి దాచొద్దు

టికెట్ కొని లోపలికొచ్చినవాళ్లను సరదాగా భయపెట్టే దెయ్యాల కొంప పెట్టడానికి పాత హోటల్‌ను మించిన చోటు లేదు. ఇరుకు వరండా, వరసగా గదులు, కిర్రుమనే తలుపులు అన్నీ అక్కడ సిద్ధంగా ఉంటాయి. డిస్నీ వాళ్లు 1994లో ఫ్లోరిడాలో 'టవర్ ఆఫ్ టెర్రర్' అనే రైడ్ కోసం పాడుబడ్డ హోటల్‌లా కనిపించే 199 అడుగుల భవనాన్ని పనిగట్టుకుని కట్టారు. పాడుబడ్డట్టు కనిపించేది పైకి మాత్రమే. బెంగళూరులో నిజంగానే పాతబడ్డ హోటల్‌ను అద్దెకు తీసుకుంటే మాత్రం పాత వైరింగు, ఒకే ఒక్క మెట్లదారి, కిటికీల గ్రిల్స్ కూడా దాంతోపాటే వస్తాయి. నా టెన్షన్ అంతా అదే.

1984 మే 11న అమెరికాలోని న్యూజెర్సీలో, సిక్స్ ఫ్లాగ్స్ పార్కులోని 'హాంటెడ్ క్యాజిల్' కాలిపోయి ఎనిమిది మంది టీనేజర్లు చనిపోయారు. చీకట్లో దారి కనబడక ఒక కుర్రాడు లైటర్ వెలిగించాడని, ఆ మంట గోడకున్న ఫోమ్‌కు అంటుకుందని దర్యాప్తులో తేలింది. లారీలకు తగిలించే ట్రైలర్లు కలిపి కట్టింది కాబట్టి తాత్కాలికమేనని లెక్కేసి, మంట రాగానే నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు పెట్టలేదు. ఆ 'తాత్కాలికం' అప్పటికే ఐదేళ్లుగా నడుస్తోంది!

ఆ తర్వాత అక్కడ నిబంధనలు బిగించారు. పొగ పసిగట్టగానే లైట్లు వాటంతటవే వెలగాలి, భయపెట్టే సౌండ్లు ఆగిపోవాలి. ఇందులో రెండోది ఎంత ముఖ్యమో ఆలోచించండి. అందరూ కేకలు పెట్టే చోట, నిజంగా ఆపదలో ఉన్న పిల్ల కేక ఎవరికి వినపడుతుంది?

పొగ ఏం చేస్తుందో బెంగళూరుకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2010 ఫిబ్రవరి 23న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్‌లో మంటలు రేగి తొమ్మిది మంది పోయారు. ఊపిరాడక కొందరు కిటికీల్లోంచి దూకేశారు. అది పట్టపగలు, రోజూ వచ్చిపోయేవాళ్లకు దారులు తెలిసిన ఆఫీసు భవనం. దెయ్యాల కొంపలో కావాలనే దారి తప్పిస్తారు.

వీకెండ్ వస్తే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ పీజీల నుంచి గుంపుగా బయల్దేరేది మన పిల్లలే. వాళ్ల సరదాకు నేను అడ్డు చెప్పను. తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. బెంగళూరు ఇళ్ల మీదా కన్నడంలో అదే మాట, 'నాళె బా' (రేపు రా) అని రాసుకున్న రోజులున్నాయి. మనల్ని భయపెట్టడానికి గోడ మీద ఆ రాత చాలు, తలుపుకు తాళం అక్కర్లేదు.

నిర్వాహకులు గోడలకు నల్లగుడ్డ, థర్మకోల్ కొట్టేముందు రెండో మెట్లదారి చూసుకోవాలి. ముసుగేసుకుని రాత్రిదాకా లోపలే ఉండే ఆర్టిస్టులకు మంటలార్పడం నేర్పాలి. వెళ్లేవాళ్లు కూడా కౌంటర్ దగ్గర ఒక్క మాట అడగండి: లోపల ఏదైనా అయితే లైట్లు ఎవరు వేస్తారు, మమ్మల్ని ఎటునుంచి బయటికి తీసుకొస్తారు? సూటిగా జవాబు రాకపోతే టికెట్ కొనకండి.