మొరం మీద మోజు

హైదరాబాద్ నగరంలోని ఒక సైక్లింగ్ బృందం వారు ఈ మధ్య 'నదీలోయ, చిత్తడి నేలల గ్రావెల్ మార్గం' అన్న పేరుతో 62 కిలోమీటర్ల దారిపటం ఒకటి తయారుచేసి, సద్బుద్ధితోనే కావచ్చు, నాకు కూడా పంపించారు. బృందం పేరు చెప్పను. ఆదివారం తెల్లవారుజామున నార్సింగి వైపు వెళ్లే అలవాటున్న వారెవరైనా వారిని చూసే ఉంటారు. గండిపేట వెనుక పొలాలు, శంకరపల్లి వైపు మూసీ, మధ్యలో కొన్ని చెరువు కట్టలు ఆ పటంలో ఉన్నాయి. ప్రతి ముక్కకూ నక్షత్రాలు పంచారు. చిలుకూరు దగ్గరి మట్టిబాటకు మూడు దక్కాయి. చేవెళ్ల రోడ్డు మీది మర్రిచెట్ల నీడకు, కింద ఉన్నది తారు అన్న నేరానికి, ఒక్కటే దక్కింది. అయిదుకు అయిదు నక్షత్రాలు గెలుచుకున్న ఘనత మాత్రం చివరి అర కిలోమీటరుది. 'కొత్తగా పోసిన మొరం, చక్కగా దట్టించిన నేల, రెండు వైపులా జమ్ము, కొంగలు. నీటి మీద తేలిపోతున్నట్టే ఉంటుంది' అని దాని కింద వ్యాఖ్య రాశారు.

నీటి మీద తేలిపోతున్నట్టు ఉండక ఏమవుతుంది? అది చెరువు.

ఆ సంగతికి మళ్లీ వస్తాను. ముందు గ్రావెల్ బైకు అంటే ఏమిటో తెలియని అభాగ్యుల కోసం రెండు మాటలు చెప్పాలి. తారు లేని మట్టి, మొరం బాటల మీద తొక్కే సైకిలు అది. చూడటానికి పందెపు సైకిలే. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, లోపల ట్యూబుకు బదులు పంక్చరును తనంతట తానే పూడ్చుకునే ద్రవం, సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పున్న టైర్లు దాని ప్రత్యేకతలు. మంచిది కొనాలంటే లక్ష రూపాయలు దాటించాలి. ఇంత ఖర్చు పెట్టిన మనిషికి రోడ్డు బాగుంటే కడుపు మండటం సహజం. 2023లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల మేర సైకిలు బాట వేసి, ఎండ తగలకుండా పైన సోలారు పలకలు కప్పి ప్రారంభిస్తే, నాకు తెలిసిన ఒక గ్రావెల్ భక్తుడు అక్కడ గతుకులు లేవని పెదవి విరిచాడు. గతుకులు కావాలంటే మా కాలనీకి రావచ్చు గదా అన్నాను. అవి గ్రామీణమైన గతుకులు కావట.

ఆ పటం పట్టుకుని, అద్దెకు తెచ్చిన సైకిలు మీద, ఒక ఆదివారం నేను కూడా వారి వెంట వెళ్లాను. శంకరపల్లి వైపు ఒక వాగు దగ్గర ఎనిమిది మందిమి ఆగిపోయాము. హ్యాండిలు మీది దారి చూపే తెర ముందుకు వెళ్లమంటున్నది. ముందు మాత్రం మోకాలి లోతు నీళ్లున్నాయి. సభ మొదలైంది. ముందు చక్రంలో గాలి ముప్పై ఉండాలా, ముప్పై అయిదు ఉండాలా అని ఇద్దరు వాదించుకున్నారు. ఉపగ్రహ చిత్రం పాతది కావచ్చునని ఒకాయన సందేహం వెలిబుచ్చాడు. మరొకాయన ఖర్జూరం తిన్నాడు. ఈ లోపల వెనుక నుంచి గంట మోగింది. పంచె ఎగగట్టి, క్యారియరుకు ఇరువైపులా రెండు పాలక్యాన్లు వేలాడదీసుకుని, ఒక ముసలాయన నల్లటి పాత సైకిలు మీద వచ్చి ఆగాడు.

"ఏమైంది బిడ్డా, తోవ తప్పిండ్రా?"

"లేదు తాతా, కింద సర్ఫేసు ఎట్లా ఉందో చూస్తున్నాం."

"ఇసుక ఉంటది. దిగి నూక్కుంట పోరాదుండ్రి" అని ఆయన దిగి, సైకిలును నెట్టుకుంటూ, పాలు చుక్క తొణక్కుండా అవతలి గట్టు ఎక్కేశాడు. మేము కూడా సిగ్గుపడుతూ ఎక్కాము. అక్కడ మా నాయకుడు, ఎందుకు తోచిందో గాని, సంచిలోంచి చిన్న కొలబద్ద తీసి ముసలాయన టైరు కొలిచాడు. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం, ఒకటిన్నర అంగుళాల టైరు. అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. మా బృందం మీద దుఃఖం వంటి మౌనం ఆవరించింది. జీవితమంతా గ్రావెల్ రైడింగ్ చేస్తూ, ఆ సంగతి తనకే తెలియకుండా, ఒక్క ఫోటో అయినా పెట్టకుండా బతికిన మహానుభావుడు మా ఎదుట నిలబడి బీడీ వెలిగిస్తున్నాడు.

హెల్మెట్లు, తెరలు, కొలబద్ద చూసి ఆయన మమ్మల్ని ఏదో సర్వేకు వచ్చిన ఆఫీసర్లనుకున్నాడు. "మా ఊరికి డాంబరు రోడ్డు ఎప్పుడేస్తరు సారూ?" అని అడిగాడు. మా నాయకుడు నిజంగా కంగారుపడ్డాడు. "వద్దు తాతా, తారు వేస్తే మొత్తం పాడైపోతుంది" అన్నాడు.

ముసలాయన కాసేపు ఆలోచించాడు. "ఏంది పాడయ్యేది, పాలా?"

జవాబు చెప్పగలవారు మాలో ఎవరూ లేరు. వానాకాలంలో ఆ బాట మీద పాలబండి దిగబడితే ఏమవుతుందో, కాన్పుకు పోవలసిన ఆడబిడ్డను ఎట్లా తీసుకుపోతారో ఆ పటంలో ఏ నక్షత్రమూ చెప్పదు.

ఇక అయిదు నక్షత్రాల చివరి ముక్క. అది నిజంగానే నున్నగా ఉంది. రోలరు తిప్పిన ఆనవాళ్లు చెరగలేదు. ఎర్రటి మొరం కట్ట మీద నుంచి కాదు, కట్ట దిగి చెరువు లోపలికి, నీళ్లు నిలవాల్సిన శిఖం భూమి నడుమకు, నాలుకలాగా సాగిపోయింది. అంచున విరిగిన స్లాబులు, బాత్రూం టైల్సు ముక్కలు, గుర్రపు డెక్క కనిపించాయి. ఒక నత్తగుల్ల కొంగ టైల్సు మీద నిలబడి మమ్మల్ని చూసింది. మా వాళ్లు దాన్ని ఫోటో తీసి, 'అడవి అందాలు' అని పంపుకున్నారు.

అయ్యా, చెరువులో మొరం తనంతట తాను మొలవదు. రాత్రిపూట టిప్పర్లు వస్తాయి. ముందు కూల్చిన ఇళ్ల శిథిలాలు పడతాయి, దాని మీద మొరం పడుతుంది, దాని మీద రోలరు నడుస్తుంది. మరుసటి ఎండాకాలానికి హద్దురాళ్లు, ఆ పైన సిమెంటు పలకల గోడ, ఆ పైన 'లేక్ వ్యూ' అన్న బోర్డు. మీరు నక్షత్రాలిచ్చింది బాటకు కాదు, సమాధి మీది మట్టికి. ఇంకా తడి ఆరని మట్టికి!

ఆ పటంలో చిత్తడి నేల అన్న మాట అడుగడుగునా ఉంది. కేంద్రం 2017లో చేసిన చిత్తడి నేలల నిబంధనలను ఎవరైనా చదివారా? నదీ ప్రవాహం వాటి కిందికి రాదు. వరి పొలం రాదు. తాగునీటికీ సాగునీటికీ మనుషులు కట్టిన చెరువులూ రావు. మన చెరువులు తాతముత్తాతలు పొలాల కోసం తవ్వుకున్నవి కనుక, మడమ దాకా దిగబడినా అది ఆ కాగితం దృష్టిలో చిత్తడి కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అనే జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో కట్టడాలను ఆపిన 111 జీవో 1996లో వచ్చింది. ఆ ఆంక్షలు అక్కరలేదంటూ 2022లో ఇంకొకటి వచ్చింది. ఆ జలాశయాలు ఎందుకు కట్టారో మాత్రం ఏ జీవో కూడా రద్దు చేయలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగితే, నీటికి నిలిచే చోటు చూపమన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నూరేళ్లకు 2020 అక్టోబరు 13 రాత్రి నీళ్లు మళ్లీ తమ చోటు వెతుక్కుంటూ వచ్చి, కాలనీలలో మంచాల మీదికి ఎక్కాయి.

2024లో మూసీ ఒడ్డున రేకుల కప్పుల కింద బతికేవారి గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసుకుంటూ పోయారు. నది గర్భంలో ఉన్నారు, లేచిపొమ్మన్నారు. ఆ ఎర్ర రంగు డబ్బా ఈ మొరం దాకా ఎందుకు రాలేదో నాకు చెప్పండి. ఇక్కడికి దారి తెలియదంటారా? 62 కిలోమీటర్లకూ పటం ఉంది, నక్షత్రాలతో సహా!

నిన్న ఆ బృందం వారు సవరించిన పటం పంపారు. చివరి అర కిలోమీటరు తీసేశారు. అక్కడ గేటు పెట్టారట, కాపలాదారు లోపలికి రానివ్వడం లేదట. సైక్లిస్టులు నిరాశ చెందనవసరం లేదని, పక్క చెరువులో గత వారం నుంచి కొత్త మొరం పడుతోందని కింద రాశారు.