సజ్జ మీది పెట్టె

నల్లకుంటలో మా అక్క వాళ్ళ ఫ్లాటు పత్రాల్లో 900 చదరపు అడుగులు. గోడల మందం, మెట్లలో వాటా, లిఫ్టు ముందు జాగా తీసేస్తే ఇంట్లో కాళ్ళకు దొరికేది 650. ఇళ్ళ అమ్మకాలను అదుపు చేసే రెరా చట్టం 2016లో వచ్చాక కొత్త ఇళ్ళకు కార్పెట్ ఏరియా, అంటే లోపల వాడుకునే నేల, ఎంతో చెప్పి అమ్మాలి గానీ, వీళ్ళ భవనం అంతకు చాలా ముందు కట్టింది. ఆ 650లోనే అక్క, బావగారు, వాళ్ళబ్బాయి, బావగారి తల్లి ఉంటారు. డల్లాస్‌లో మా రెండు కార్లు పడుకునే గది ఒక్కటే అందులో సగానికి మించి ఉంటుంది. అయినా అందులో కారు పెట్టాలంటే నేను ముందు దిగి ఏదో ఒకటి పక్కకు జరపాలి. అక్కను కత్తెర అడిగితే మాట పూర్తయ్యేలోపు చేతిలో పెడుతుంది.

చిన్న ఇంటిని అందంగా ఉంచుకోవడం ఎలా అంటే మన వాళ్ళకు మొదట తట్టేది కొనుగోలు. మడిచే సోఫా, గోడలోకి ముడుచుకునే బల్ల, పరుపు పైకెత్తితే కింద గోదాము కనిపించే హైడ్రాలిక్ మంచం. ఈ మంచం మీద నాకు ప్రత్యేకమైన కోపం ఉంది. దుప్పటి తీసి, దిండ్లు తీసి, మీద పడుకున్న మనిషిని లేపితే తప్ప తెరుచుకోని చోట పెట్టిన వస్తువు దాచినట్టు కాదు, పాతిపెట్టినట్టు.

అక్క ఇంట్లో అలాంటివేవీ లేవు. కిటికీ పక్కన మా నాన్నగారి కాలపు ట్రంకు పెట్టె ఉంది. దాని మీద పలుచని పరుపు, పోచంపల్లి దుప్పటి. రోజూ అది కూర్చునే దివాను. చలికాలం వస్తే అందులోంచి రగ్గులు బయటికొస్తాయి, కలరా ఉండల వాసనతో సహా. దసరాకు పరుపు తీసేసి, దాని మీద చిన్న పెట్టె, ఆపైన ఇంకా చిన్నది పేరిస్తే బొమ్మల కొలువుకు మెట్లు సిద్ధం. గోడకు శిల్పారామంలో కొన్న చేర్యాల బొమ్మ ఒక్కటే. ఆ ఒక్కటీ ఉండబట్టే వచ్చినవాళ్ళందరూ దాన్ని చూస్తారు. బాల్కనీ పైకప్పుకు తాళ్ళతో దించే దండెం, ఆరు స్టీలు కడ్డీలు. తడి బట్టలు పైకి వెళ్ళిపోయాక కింద బావగారు పేపరు చదువుకుంటారు.

అందంగా లేనివీ ఉన్నాయి. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్ళ కోసం స్నానాల గది తలుపు వెనక నీలం డ్రమ్ము ఉంది. దాన్ని ఏ పత్రికా ఫొటో తీయదు. అక్క దాన్ని దాచే ప్రయత్నం కూడా చేయలేదు, మీద ఒక పీట పెట్టి సబ్బులు సర్దింది.

ఆమె సంచిలో దర్జీ టేపు ఉంటుంది. బేగంబజారులో స్టీలు డబ్బా నచ్చితే ముందు ఎత్తు కొలుస్తుంది, ఎందుకంటే వంటింటి అలమరలో ఒక్కో అర తొమ్మిది అంగుళాలే. పదంగుళాల డబ్బా ఎంత మెరిసినా దుకాణంలోనే ఉండిపోతుంది. నుమాయిష్‌కు ఏటా వెళ్తుంది. 1938 నుంచి ఊరంతా చేతినిండా సామానుతో ఇంటికొచ్చే ఆ మేళా నుంచి ఈవిడ గాజులతో, కడుపులో మిరపకాయ బజ్జీలతో వస్తుంది. ఇంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది పోపుల పెట్టె. గుండ్రటి మూత కింద ఏడు గిన్నెలు, ఏడింటికీ రోజూ పని. ఎనిమిదో గిన్నెకు అందులో చోటు లేదు, ఎవరికీ ఆ లోటు తెలియదు.

ఇంత పొందికైన ఇంట్లో ఒకే ఒక్క చోటు అధ్వానంగా ఉంది. వంటింటి సజ్జ. తెర లాగి చూస్తే ఆ సామానంతా నాది.

కొంత నేను తెచ్చింది. అమెరికా మిక్సీ ఒకటి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230, కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా మోసుకొచ్చిన మహానుభావుణ్ణి నేనే. ఇక్కడి మంచాల కొలతకు రాని దుప్పట్లు రెండు జతలు. అట్టపెట్టె విప్పని గాజు పూలకుండీ. ఇంకొంత నేను వదిలేసింది. అమ్మ పోయాక వరంగల్ ఇల్లు ఖాళీ చేసినప్పుడు నా సూట్‌కేసు కూడా ఇక్కడికే చేరింది.

"ఒరే, ఆ పెట్టెలో ఏముందో చెప్పు, ఇప్పుడే దించుతాను" అంది అక్క.

"పుస్తకాలు అక్కా."

"ఏ పుస్తకాలు?"

చెప్పలేకపోయాను. జ్ఞాపకాలు పారేస్తామా అని మనలో చాలామంది అంటారు. నాకు గుర్తే లేనిది నా జ్ఞాపకం ఎలా అయింది? మనం దేశం వదిలి వెళ్ళి, అక్కడ పెద్ద ఇళ్ళు కట్టుకుని, మన సామాను మాత్రం ఇక్కడి చిన్న ఇళ్ళవాళ్ళ నెత్తిన పెట్టాం. మనవాడి వస్తువు గదా అని వాళ్ళు పారేయరు. ఏటా దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెడతారు. పైగా మనమే వచ్చి ఇల్లు ఇరుకుగా ఉందంటాం. ఈ డిసెంబరులో వెళ్ళేవాళ్ళకు నా మనవి ఒకటే: ఒక పూట చుట్టాలను మానుకుని సజ్జ ఎక్కండి. తీసుకెళ్ళే కానుకలు తింటే అయిపోయేవి అయితే ఇంకా మంచిది.

నేను ఎక్కాను. పెట్టె తాళం అంకెలు మరిచిపోయాను గానీ మూడు సున్నాలకే తెరుచుకుంది. ఇంజినీరింగ్ మొదటి ఏడాది డ్రాఫ్టర్, ఎవరి నోట్సుకో జిరాక్సు ప్రతులు, ఆరు చొక్కాలు. డ్రాఫ్టర్ మేనల్లుడు తీసుకున్నాడు, వాడికి ఈ ఏడే డ్రాయింగ్ ఉంది. కాగితాలు, మిక్సీ, ట్రాన్స్‌ఫార్మర్ పాత సామాన్ల బండికి. చొక్కాలకు మర్నాడు పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వచ్చింది. ఆరు చొక్కాలకు మూత లేని గిన్నె ఇస్తానంది. అక్క అరగంట బేరమాడి, దుప్పట్ల జత ఒకటి కలిపి, మూత డబ్బా సాధించింది. సంచిలోంచి టేపు తీసి కొలిచింది. తొమ్మిదిన్నర అంగుళాలు.

ఆ రాత్రే అందులో గోంగూర పచ్చడి పెట్టి, మూత చుట్టూ గుడ్డ కట్టి, నా విమానం పెట్టెలో సర్దింది. తూకం 22 కిలోల 800 గ్రాములు.